కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ పెట్టాక 14 రోజుల మెయిల్సే కనిపిస్తున్నాయి, పాతవి ఎలా తెచ్చుకోవాలి?

సుభద్ర:

నమస్కారమండీ. నేను అనువాదాలు చేస్తాను. 2012 నుంచి నా పనంతా ఒకే కంప్యూటర్ మీద, మెయిల్ అంతా అందులోని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో. అది విండోస్ 7 కంప్యూటర్. ఈ మధ్య దాని హార్డ్ డిస్క్ నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. భయమేసి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ తీసుకున్నాను.

నిన్న రాత్రి ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ చేశాను. పేరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చాను. సర్వర్ వివరాలు అదే వెతికి పట్టుకుంది. ఐమ్యాప్ అని చూపిస్తే సరే అన్నాను. రెండు నిమిషాల్లో ఇన్‌బాక్స్ వచ్చేసింది. కిందికి జరుపుకుంటూ పోతే సరిగ్గా రెండు వారాల కిందటి మెయిల్ దగ్గర ఆగిపోయింది. అంతకు ముందువి ఒక్కటీ లేవు. సెంట్ ఫోల్డర్ తెరిస్తే పూర్తిగా ఖాళీ. ఒక్కో పుస్తకానికి ఒక్కోటి చొప్పున నేను చేసుకున్న 46 ఫోల్డర్లలో ఒక్కటి కూడా లేదు. గుండె గుభేల్మంది.

వెంటనే వెళ్లి పాత కంప్యూటర్ ఆన్ చేశాను. అందులో అన్నీ ఉన్నాయి. ఇన్‌బాక్స్‌లో 38,412, సెంట్‌లో 17,960. అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

ఇవి నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. ఒక వాక్యాన్ని ఇలాగే ఎందుకు రాశాను, ఆ మాటే ఎందుకు పెట్టాను అని ఎడిటర్లతో జరిగిన చర్చలన్నీ ఈ మెయిల్స్‌లోనే ఉన్నాయి. పుస్తకం మళ్లీ అచ్చుకి వెళ్లినప్పుడు వాటినే వెతుక్కుంటాను. అవి కాక ‘అమ్మ’ అని ఒక ఫోల్డర్ ఉంది. అమ్మ చెబుతుంటే అక్క టైప్ చేసి పంపిన ఉత్తరాలు, 63. అమ్మ ఇప్పుడు లేదు. అక్క అప్పట్లో వాడిన అకౌంట్ కూడా మూతపడింది. అవి ఇంకెక్కడా లేవు.

తెలిసినవాళ్లను అడిగితే తలా ఒకటి చెప్పారు. అకౌంట్ తీసేసి మళ్లీ పెడితే సింక్ అవుతుందని ఒకరు. ముఖ్యమైనవన్నీ నాకు నేనే ఫార్వర్డ్ చేసుకోమని ఇంకొకరు. కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనైతే “మెయిల్ ఎప్పుడూ ఇంటర్నెట్‌లోనే ఉంటుందమ్మా, పాతది ఇచ్చెయ్యండి, ఫార్మాట్ చేసి పక్కన పెడతాను” అన్నాడు. ఇంటర్నెట్‌లోనే ఉంటే నాకు కనబడాలి కదా? కనబడటం లేదు కాబట్టే ఇవ్వలేదు.

అసలు ఆ మెయిల్స్ ఎక్కడ ఉన్నట్టు? ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టుగా కొత్తదాంట్లోకి తెచ్చుకునే దారి ఉందా? దయచేసి అడుగడుగునా ఏం నొక్కాలో చెప్పండి. ఒక్కటి కూడా పోవడం నాకు ఇష్టం లేదు.

రామం:

సుభద్ర గారూ, ఆ కంప్యూటర్ ఇవ్వకుండా చాలా మంచి పని చేశారు. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అందులోని అకౌంట్ తీసేయకండి. మీ మెయిల్స్‌కి ఇప్పుడున్నది ఆ ఒక్క కాపీయే. డిస్క్ చప్పుడు చేస్తోందంటున్నారు, కాబట్టి కాపీ తీసే పని రేపటికి వాయిదా వేయొద్దు. కాపీ తీయడానికి తప్ప దాన్ని ఆన్ చేయకండి కూడా.

మీ పాత అకౌంట్ పాప్ పద్ధతిలో ఉంది. మీరు చెప్పిన రెండు వారాల లెక్కే దానికి సాక్ష్యం. పాప్ అన్న పేరులోనే పోస్టాఫీసు ఉంది. పోస్టాఫీసుకి వెళ్లి మన ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. తెచ్చుకున్నాక అవి మన ఇంట్లోనే ఉంటాయి, అక్కడ ఉండవు. 1984లో ఈ పద్ధతి మొదటిసారి రాసుకున్నప్పుడు కనెక్ట్ అవడం, ఉన్నవి దించుకోవడం, లైన్ వదిలేయడం, అదే పని. ఐమ్యాప్ అలా కాదు. ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి, మనం ఎక్కడి నుంచి వెళ్లినా అదే అర చూస్తాం.

థండర్‌బర్డ్‌లో పాప్ అకౌంట్ పెడితే, దించుకున్న మెయిల్స్‌ని సర్వర్‌లో ఇంకో 14 రోజులు ఉంచమని ముందుగానే టిక్ పెట్టి ఉంటుంది. ఆ గడువు దాటినవి సర్వర్ నుంచి పోతాయి. కొత్త ల్యాప్‌టాప్ ఐమ్యాప్‌తో వెళ్లి సర్వర్‌లో ఏముందో అదే చూపించింది. అది చూపించిందంతా నిజమే, అక్కడ అంతే ఉంది. సెంట్ ఖాళీగా ఉండటానికీ కారణం ఇదే. పాప్‌కి తెచ్చుకోవడమే తెలుసు, మీరు పంపిన వాటి కాపీలు, మీ 46 ఫోల్డర్లు పాత డిస్క్ మీద తప్ప ఎప్పుడూ ఎక్కడా లేవు. కాబట్టి అకౌంట్ వందసార్లు తీసి పెట్టినా ఏమీ రాదు. ఫార్వర్డ్ చేయడం అసలు వద్దు. తేదీ ఇవాళ్టిది అవుతుంది, పంపినవాళ్ల పేరు మీద మీ పేరు పడుతుంది. అమ్మగారి ఉత్తరాలకి ఆ గతి పట్టకూడదు.

చేయాల్సింది ప్రొఫైల్ ఫోల్డర్‌ని మొత్తంగా మోసుకెళ్లడం. మెయిల్స్, ఫోల్డర్లు, అడ్రస్ బుక్, ఫిల్టర్లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అన్నీ దాంట్లోనే ఉంటాయి. థండర్‌బర్డ్‌లో ఎక్స్‌పోర్ట్ అని కూడా ఉంది కానీ, అది చేసే జిప్ ఫైల్ 2 జీబీ దాటకూడదు. మీ 56 వేల మెయిల్స్ అటాచ్‌మెంట్లతో కలిపి అంతకంటే ఎక్కువే ఉంటాయి. చేత్తో కాపీ చేయడమే నయం.

పాత కంప్యూటర్‌కి ముందు ఇంటర్నెట్ ఆపేయండి. థండర్‌బర్డ్ తెరిచి ఆల్ట్ కీ నొక్కితే పైన మెనూ వస్తుంది. హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ప్రొఫైల్ ఫోల్డర్ అన్న వరుసలో ఓపెన్ ఫోల్డర్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఒక మెట్టు పైకి వెళ్తే ప్రొఫైల్స్ అన్న ఫోల్డర్‌లో, అర్థం లేని ఎనిమిది అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్ కనబడుతుంది. అదే మీ సొత్తు. ఇప్పుడు థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే ఫైళ్లు సగం సగంగా వచ్చే ప్రమాదం ఉంది. మూశాక ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు ఎంతో చూసి రాసుకోండి. జీబీల్లో ఉండాలి. చాలా తక్కువగా ఉంటే అక్కడే ఆగి నాకు చెప్పండి. సరిగా ఉంటే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కట్ వద్దు, కాపీ మాత్రమే.

ల్యాప్‌టాప్‌లో మీరు నిన్న పెట్టిన ఐమ్యాప్ అకౌంట్ జోలికి పోవద్దు, అది వేరే ప్రొఫైల్‌లో అలా ఉండనివ్వండి. తెచ్చిన ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ ప్రొఫైల్స్ ఫోల్డర్ లోపల పెట్టండి. థండర్‌బర్డ్ మూసి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ అని ఇంగ్లీషులో రాసి, ఒక ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దాని పక్కనే పెద్ద అక్షరం పీ టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ప్రొఫైల్ ఎంచుకునే కిటికీ వస్తుంది. క్రియేట్ ప్రొఫైల్ నొక్కి, పేరు ఏదైనా పెట్టి, చూజ్ ఫోల్డర్‌తో మీరు తెచ్చిన ఫోల్డర్‌ని చూపించండి. ఇక నుంచి దాంతోనే తెరవమని టిక్ పెట్టండి.

ఇంకో జాగ్రత్త. విండోస్ 7 మీద నడిచే చివరి థండర్‌బర్డ్ 115వ వెర్షన్. ల్యాప్‌టాప్‌లో ఉన్నది దానికంటే కొత్తది. పాత ప్రొఫైల్‌ని కొత్త వెర్షన్ తెరుస్తుంది, తనకి తగ్గట్టు మార్చుకుంటుంది. అలా మారినదాన్ని మళ్లీ పాత వెర్షన్ తెరవనివ్వదు. అందుకే ఒక కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టుకోమంటాను.

వేణు:

రామం గారు చెప్పినదే సరైన దారి. నేను ఒకప్పుడు చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీకు జరగకూడదని.

మెయిల్ ఫోల్డర్ తెరిచి చూస్తే ప్రతి పేరుకీ రెండు ఫైళ్లు కనబడతాయి. ఇన్‌బాక్స్ అని చివర ఏమీ లేకుండా ఒకటి, ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్ అని ఇంకొకటి. మొదటిదాంట్లోనే అసలు మెయిల్స్ ఉంటాయి, ఒకదాని కింద ఒకటి పేర్చిన పెద్ద టెక్స్ట్ ఫైల్ అది. ఎంఎస్‌ఎఫ్ అనేది విషయసూచిక లాంటిది, పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారు చేసుకుంటుంది. నాకు ఇంత తెలిసి, మిగతా చిన్న చిన్న ఫైళ్లన్నీ చెత్త అనుకుని వదిలేసి, పెద్దవి మాత్రమే కాపీ చేశాను. వదిలేసిన వాటిలో పాప్‌స్టేట్ డాట్ డీఏటీ అనేది ఒకటి ఉంది. సర్వర్ నుంచి ఏయే మెయిల్స్ ఇప్పటికే దించుకున్నామో రాసి పెట్టుకునేది అదే. అది లేకపోయేసరికి సర్వర్‌లో ఉన్నవన్నీ కొత్తవే అనుకుని మళ్లీ దించింది. నాది 14 రోజుల సెట్టింగ్ కాదు, అన్నీ సర్వర్‌లోనే ఉంచుకునేవాణ్ని. తొమ్మిది వేలకు పైగా మెయిల్స్ రెండేసి అయ్యాయి. ఏరి తీసేయడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

అలాగే పాస్‌వర్డ్‌లు కూడా రెండు ఫైళ్లలో ఉంటాయి. లాగిన్స్ అనేదాంట్లో తాళం వేసిన పాస్‌వర్డ్‌లు, కీ4 అనేదాంట్లో దాని తాళంచెవి. ఒకటి తెచ్చి ఒకటి మరిచిపోతే ఉపయోగం లేదు. ఏది కావాలో ఏది అక్కర్లేదో ఏరుకోవద్దు. ఫోల్డర్ మొత్తం తెచ్చుకోండి.

సుభద్ర:

రామం గారూ, వేణు గారూ, చాలా చాలా థ్యాంక్స్. అకౌంట్ పెట్టడం వేరు, మెయిల్స్ తేవడం వేరు అన్నది ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను.

ఇవాళ పొద్దున కూర్చుని ఒక్కొక్కటే చేశాను. ఇంటర్నెట్ ఆపాను, ఫోల్డర్ దొరికింది, థండర్‌బర్డ్ మూశాను. సైజు చూస్తే 210 ఎంబీ ఉంది. జీబీల్లో ఉండాలన్నారు కదా, అందుకని కాపీ చేయకుండా అక్కడే ఆగిపోయాను. లోపల మెయిల్ అన్న ఫోల్డర్ తెరిస్తే ఇన్‌బాక్స్ అన్న ఫైల్ ఉంది కానీ 0 కేబీ. థండర్‌బర్డ్ తెరిస్తే మాత్రం మెయిల్స్ అన్నీ మామూలుగా కనబడుతున్నాయి. అటాచ్‌మెంట్లు కూడా తెరుచుకుంటున్నాయి. కాబట్టి ఈ కంప్యూటర్‌లోనే ఎక్కడో ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఒక విషయం గుర్తుకొచ్చింది, పనికొస్తుందేమో. 2015లో సి డ్రైవ్ నిండిపోయిందని మా అక్క కొడుకు ఏదో మార్చాడు. ఏం మార్చాడో వాడికిప్పుడు గుర్తులేదట.

రామం:

మీరు ఆగిపోవడం వల్ల సగం పని అయిపోయిందమ్మా. మీ అక్క కొడుకు మెయిల్స్‌ని డి డ్రైవ్‌లోకి మార్చి ఉంటాడు. ప్రొఫైల్ ఒక చోట, మెయిల్స్ ఇంకో చోట ఉన్నాయి. జాగా లేనప్పుడు చాలామంది చేసే పనే, తప్పేమీ లేదు.

పాత థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, మీ అకౌంట్ కింద సర్వర్ సెట్టింగ్స్ మీద నొక్కండి. పేజీ చివరిదాకా జరిపితే లోకల్ డైరెక్టరీ అని ఒక దారి రాసి ఉంటుంది. అది డి తో మొదలవుతోందా? ఆ దారి అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి. తర్వాత ఎడమ పక్క లోకల్ ఫోల్డర్స్ అన్నదాని మీద నొక్కి, దాని లోకల్ డైరెక్టరీ కూడా చూడండి. మీ 46 ఫోల్డర్లు ఇన్‌బాక్స్ కింద కాకుండా లోకల్ ఫోల్డర్స్ కింద ఉంటే, అవి రెండో దారిలో ఉంటాయి. ఈ రెండోదాన్ని చాలామంది చూడరు, సగం మెయిల్స్ పోయాయని ఏడుస్తారు.

ఇప్పుడు మీరు తేవాల్సినవి మూడు. ఆ 210 ఎంబీల ప్రొఫైల్, అకౌంట్ మెయిల్ ఫోల్డర్, లోకల్ ఫోల్డర్స్ ఫోల్డర్. ల్యాప్‌టాప్‌లో మొదటిసారి తెరిచేముందు వైఫై ఆపేయండి. ఇది ముఖ్యం. అక్కడ లేని పాత డి డ్రైవ్ కోసం థండర్‌బర్డ్ వెతుక్కుని ఖాళీ ఫోల్డర్లు చూపిస్తుంది, ఆ స్థితిలో నెట్ ఉంటే కొత్త మెయిల్స్‌ని ఆ ఖాళీలోకి దించేస్తుంది. నెట్ లేకుండా తెరిచి, అవే సర్వర్ సెట్టింగ్స్‌లో లోకల్ డైరెక్టరీ పక్కనున్న బ్రౌజ్ నొక్కి, కొత్త చోటు చూపించండి. అకౌంట్‌కి దాని ఫోల్డర్, లోకల్ ఫోల్డర్స్‌కి దాని ఫోల్డర్. రెండింటికీ ఒకటే చూపించకూడదు. మళ్లీ మొదలుపెట్టమని అడుగుతుంది, సరే అనండి. మెయిల్స్ అన్నీ కనబడి, లెక్క సరిపోయిందని మీరు చూసుకున్నాకే వైఫై ఆన్ చేయండి.

సుభద్ర:

మీరన్నట్టే రెండూ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. 46 ఫోల్డర్లూ లోకల్ ఫోల్డర్స్ కిందే ఉన్నాయి, మీరు చెప్పకపోతే వాటిని వదిలేసేదాన్ని. లోకల్ ఫోల్డర్స్ 1.9 జీబీ, అది కాపీ అయింది. అకౌంట్ ఫోల్డర్ దగ్గర చిక్కు వచ్చింది. పెన్ డ్రైవ్ 32 జీబీది, దాదాపు ఖాళీగానే ఉంది. అయినా ఇన్‌బాక్స్ ఫైల్ దగ్గరకు రాగానే ఫైల్ చాలా పెద్దదిగా ఉంది, కాపీ కాదు అంటోంది. ఆ ఒక్క ఫైలే 5.1 జీబీ ఉంది. డిస్క్ చప్పుడు పెరిగినట్టు అనిపిస్తోంది. కంప్యూటర్ ఆపేసి ఇది రాస్తున్నాను.

వేణు:

పెన్ డ్రైవ్‌లో జాగా ఉన్నా అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. డ్రైవ్ ఎంత పెద్దదైనా అంతే. పెన్ డ్రైవ్‌లో ఉన్నవి ముందు ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, ల్యాప్‌టాప్‌లోనే దాని మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫార్మాట్ చేసేది పెన్ డ్రైవ్‌నే అని డ్రైవ్ పేరు పక్కనున్న అక్షరం చూసి మరీ నొక్కండి. తర్వాత 5.1 జీబీ ఫైల్ ఏ గొడవా లేకుండా వస్తుంది.

ఒకటి మాత్రం చేయొద్దు. కాంపాక్ట్ చేస్తే ఫైల్ చిన్నదవుతుందని ఎవరైనా చెప్పొచ్చు. అది నిజమే. మనం డిలీట్ చేసినవి కనబడకుండా పోతాయి కానీ, కాంపాక్ట్ చేసేదాకా ఆ ఫైల్‌లోనే జాగా ఆక్రమించి ఉంటాయి. కానీ కాంపాక్ట్ అంటే ఫైల్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివి కొత్తగా రాయడం. చప్పుడు చేసే డిస్క్ మీద ఆ పని పెట్టకూడదు. ముందు ల్యాప్‌టాప్‌లోకి తెచ్చేయండి, కాంపాక్ట్ అక్కడ తీరిగ్గా చేసుకోవచ్చు.

సుభద్ర:

వచ్చేశాయి! అన్నీ వచ్చేశాయి!

ఎక్స్‌ఫ్యాట్ చేశాక ఇన్‌బాక్స్ కాపీ అవడానికి 25 నిమిషాలు పట్టింది. ఆ 25 నిమిషాలూ కుర్చీలోంచి లేవలేదు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, మీరు చెప్పిన వరుసలోనే చేశాను. మొదటిసారి తెరిచినప్పుడు ఫోల్డర్లన్నీ ఖాళీగానే కనబడ్డాయి, ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. రెండు దారులూ మార్చి, మళ్లీ తెరిచాను. కింద ఏదో లెక్కపెడుతున్నట్టు కాసేపు తిరిగింది. ఇన్‌బాక్స్ 38,412. సెంట్ 17,960. కాగితం మీద రాసుకున్న అంకెల పక్కన టిక్ పెట్టుకున్నాను. 46 ఫోల్డర్లూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. ‘అమ్మ’లో 63 ఉన్నాయి. మొదటిది 2012 నవంబర్‌లోది. తేదీలు, అక్క పేరు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇంకో ప్రశ్న. నిన్న ల్యాప్‌టాప్ తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను, ఆ ఉత్తరాలు చూపిద్దామని. అక్కడి వైఫైలో మెయిల్స్ వస్తున్నాయి కానీ నేను పంపేవి వెళ్లడం లేదు. సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయామని వస్తోంది. మా ఇంట్లో పంపితే వెళ్తున్నాయి. నాకు జీమెయిల్ కూడా ఒకటుంది, దాన్ని కూడా ఇందులో పెట్టుకోవాలని ఉంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా తీసుకోవడం లేదు.

నీలిమ:

సుభద్ర గారూ, మొదటి నుంచీ చదువుతున్నాను. మీ 63 ఉత్తరాలు దొరికినందుకు చాలా సంతోషంగా ఉంది.

పంపడం కాకపోవడానికి కారణం పోర్ట్ అయి ఉంటుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ పక్క అన్నింటికంటే కింద ఔట్‌గోయింగ్ సర్వర్ ఉంటుంది, అందులో పోర్ట్ దగ్గర 25 అని ఉందేమో చూడండి. పాత సెట్టింగ్ పాత ప్రొఫైల్‌తో పాటే వచ్చేస్తుంది. 25 అనేది ఒక మెయిల్ సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడుకునే తలుపు. స్పామ్ ఆపడానికి చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో దాన్ని మూసేస్తారు. మన కంప్యూటర్ నుంచి పంపడానికి వాడాల్సినవి 587 గానీ 465 గానీ. 587 పెడితే కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర స్టార్ట్ టీఎల్‌ఎస్, 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. ఈ జత తారుమారైతే చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతుంది. మీ మెయిల్ సంస్థ సహాయం పేజీలో రెండింటిలో ఏది చెప్పారో అది పెట్టండి. పనిలో పని, ఇన్‌కమింగ్ వైపు పాప్ పోర్ట్ 110 అని ఉంటే, సంస్థ ఒప్పుకుంటే దాన్ని 995 చేసి, ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్‌ఎస్ పెట్టండి. ఎన్‌క్రిప్షన్ లేని 110లో పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్లే అవకాశం ఉంది. వేరేవాళ్ల వైఫైలో వాడేటప్పుడు అది మంచిది కాదు.

జీమెయిల్ సంగతి: 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి సాఫ్ట్‌వేర్లను లోపలికి రానివ్వడం లేదు. అకౌంట్ పెట్టాక సర్వర్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆథ్2 ఎంచుకోండి, ఔట్‌గోయింగ్ సర్వర్‌లో కూడా. అప్పుడు జీమెయిల్ సొంత లాగిన్ పేజీ చిన్న కిటికీలో తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వాలి. ఆ కిటికీ తెల్లగా ఉండిపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఆపి ఉన్నాయేమో చూడండి. దీన్ని మాత్రం ఐమ్యాప్‌లోనే పెట్టుకోండి. ఆల్ మెయిల్ అనే ఫోల్డర్ కనబడుతుంది, ఇన్‌బాక్స్, సెంట్‌లలో ఉన్నవే అందులో మళ్లీ ఉంటాయి, ఆర్కైవ్ చేసినవి ఉంటే మాత్రం అవి అందులోనే ఉంటాయి. సబ్‌స్క్రైబ్‌లో దాని టిక్ తీసేస్తే రెండుసార్లు దిగదు.

రామం:

ముందు ముందు ఎలా అన్నది మీరు అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. పని అకౌంట్‌ని కూడా మెల్లగా ఐమ్యాప్‌కి మార్చుకోండి. కంప్యూటర్ మారినప్పుడల్లా ఇంత భయం అక్కర్లేదు. పాతవన్నీ లోకల్ ఫోల్డర్స్‌లోకి చేర్చుకుని అక్కడే ఉంచండి, సర్వర్‌లో మీకిచ్చిన జాగా ఇన్ని జీబీలకి సరిపోకపోవచ్చు. ఐమ్యాప్‌లో ఒక చోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా పోతుంది, అది ఒక్కటి గుర్తుంచుకోండి.

వేణు:

ఈ ఒక్క విషయంలో రామం గారితో నాది వేరే మాట. ఒకే కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకి పాప్ ఇప్పటికీ బాగానే ఉంటుంది, సర్వర్‌లో జాగా గొడవ ఉండదు. పాప్ అయినా ఐమ్యాప్ అయినా లోకల్ ఫోల్డర్స్‌ది మాత్రం ఇంకో కాపీ ఉండాల్సిందే. ఆ పెన్ డ్రైవ్‌ని తుడిచేయకండి.

సుభద్ర:

నీలిమ గారూ, ఔట్‌గోయింగ్‌లో 25 అనే ఉంది. 587, స్టార్ట్ టీఎల్‌ఎస్ పెట్టాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద పంపి చూశాను, వెళ్లింది. ఇన్‌కమింగ్ 995కి మార్చాను. జీమెయిల్ కూడా వచ్చింది, కుకీల దగ్గరే ఆగిందది.

వేణు గారూ, పెన్ డ్రైవ్ మీద తేదీ రాసి బీరువాలో పెట్టాను. అది కాక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కూడా థండర్‌బర్డ్ మూసి మూడు ఫోల్డర్లూ కాపీ చేశాను. రామం గారూ, పని అకౌంట్ ప్రస్తుతానికి పాప్‌లోనే ఉంచుతున్నాను. చేతిలో ఉన్న పుస్తకం అయిపోయాక ఐమ్యాప్‌కి మారుస్తాను, అప్పుడు మళ్లీ ఇక్కడే అడుగుతాను.

పాత కంప్యూటర్ నిన్న సాయంత్రం ఆన్ చేస్తే విండోస్ దాకా రాలేదు. నల్లటి తెర మీద డిస్క్ దొరకలేదని వచ్చింది. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. 63 ఉత్తరాలూ తనకి కూడా పంపాను, ఫార్వర్డ్ చేయకుండా, ఒక్కోదాన్ని ఫైల్‌గా సేవ్ చేసి.